పోర్ట్-ఛానల్ ‘అప్’ అంటోంది, రెండో ఫైబర్ మాత్రం పనిచేయలేదు. ఎందుకు?

ప్రశ్న:

సార్, నమస్తే అండి. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో కంప్యూటర్లు, నెట్‌వర్కు, కెమెరాలు అన్నీ నేనే చూసుకుంటాను. ఆఫీసులో ఉన్న మెయిన్ స్విచ్ నుంచి ప్రాసెసింగ్ బ్లాకు స్విచ్‌కి రెండు గిగాబిట్ ఫైబర్ లింకులున్నాయి. ఎల్‌ఏసీపీతో (లింకుల్ని కలిపేందుకు రెండు స్విచ్‌లూ మాట్లాడుకునే పద్ధతి) రెండింటినీ ఒకే పోర్ట్-ఛానల్ (ఒకే లింకులా పనిచేసే గుంపు) చేశారు. స్విచ్‌లు రెండూ సిస్కోవే. కొత్త కెమెరాలు పెట్టినప్పుడు వాటికి వేరే వీలాన్ (అవే స్విచ్‌లలో విడిగా నడిచే నెట్‌వర్కు) వేశాం. కెమెరాల స్విచ్‌కి చోటు కావాలని బ్లాకు స్విచ్‌లో రెండో ఫైబర్‌ని 26వ పోర్టు నుంచి తీసి 28లో పెట్టాం. అంతా అయ్యాక చూస్తే పోర్ట్-ఛానల్ ‘అప్’ అని ఉంది. బ్లాకులో లైట్లు పచ్చగా వెలుగుతున్నాయి. పింగ్ (అవతలి పరికరం పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) వెళ్లింది, కెమెరాలు కనిపించాయి. సేవ్ చేసి వెళ్లిపోయాను. మూడు వారాల తర్వాత గాలివానకి కొబ్బరి మట్ట పడి మొదటి ఫైబర్ తెగింది. రెండోది ఉందిగా అనుకుంటే బ్లాకు మొత్తం ఆగిపోయింది. కాటా దగ్గర బిల్లులు, కోల్డ్ స్టోరేజీ టెంపరేచర్ రికార్డు, అన్నీ. మెయిన్ స్విచ్‌లో చూస్తే రెండో పోర్టు పక్కన బ్రాకెట్లో చిన్న ‘ఎస్’ కనిపించింది. మేనేజరు గారు ‘మరి రెండు ఫైబర్లు వేయించింది దేనికి?’ అంటున్నారు. మార్పులు చేశాక రెండూ పనిచేస్తున్నాయని ఎలా తేల్చుకోవాలి? స్పీడ్ టెస్టులో ఎప్పుడూ ఒక గిగాబిట్ దాటదు, అదీ ఇందువల్లేనా? స్విచ్‌లు అమ్మినాయన ఎల్‌ఏసీపీ తీసేసి ‘ఆన్’ మోడ్ పెట్టేయమంటున్నారు. పెట్టమంటారా?

సమాధానం:

కారణం మీ ఉత్తరంలోనే ఉందమ్మా. బ్లాకు స్విచ్‌లో 26వ పోర్టుకి ఛానల్-గ్రూప్, అంటే ఈ పోర్టు గుంపులోదని చెప్పే లైను, రాసి ఉంది, 28కి లేదు. మీరు ఫైబర్‌ని మార్చారు కానీ ఆ ఒక్క లైను దానితోపాటు వెళ్లలేదు. మెయిన్ స్విచ్ తన రెండో పోర్టు మీద ఎల్‌ఏసీపీ ప్యాకెట్లు పంపుతూనే ఉంది, అవతల 28 నుంచి జవాబు లేదు. ఎదురుగా ఎల్‌ఏసీపీ మాట్లాడేవాళ్లెవరూ లేరని తేల్చుకుని ఆ పోర్టుని పక్కన పెట్టేసింది. మీరు చూసిన చిన్న ‘ఎస్’ అంటే అదే, సస్పెండెడ్. బ్లాకులో 28వ పోర్టుకి మటుకు వెలుతురు అందుతోంది కాబట్టి దాని లైటు పచ్చగానే ఉంది. మొదటి ఫైబర్ తెగిన రోజున రెండోది చెడిపోలేదు. మూడు వారాలుగా అది గుంపులోనే లేదు.

ఇక్కడ మీరొక్కరే పొరపడ్డారని అనుకోవద్దు. పోర్ట్-ఛానల్ పని తీరే ఇలాంటిది. ఒక్క సభ్యపోర్టు బతికున్నా మొత్తం ‘అప్’ అనే చెబుతుంది. అలా చెప్పడానికే దాన్ని పెట్టుకున్నాం, ఒకటి పోయినా పని ఆగకూడదని. కానీ ఆ గుణమే లోపాన్ని దాచిపెడుతుంది. లాకుల దగ్గర కాలువ నిండుగా ఉంటే శివారు చేలకి నీరందినట్టేనని మన డెల్టాలో ఏ రైతూ అనుకోడు, వెళ్లి చూసుకుంటాడు. మీరూ పోర్ట్-ఛానల్ దగ్గర ఆగిపోకుండా దాని లోపలి ఒక్కో పోర్టు దగ్గరికీ వెళ్లి చూడాలి. అదీ రెండు వైపులా.

పింగ్ సంగతి ఇంకా ముఖ్యం. పింగ్ వెళ్లింది కాబట్టి లింకు బాగుందని చాలామంది నమ్ముతారు. పోర్ట్-ఛానల్ ఏ ప్యాకెట్‌ని ఏ ఫైబర్ మీద పంపాలో ఒక లెక్క ప్రకారం నిర్ణయిస్తుంది. పంపేవారి చిరునామానో, అందుకునేవారి చిరునామానో, రెండింటినీనో బట్టి ఆ లెక్క వస్తుంది. మీ కంప్యూటర్ నుంచి కాటా కంప్యూటర్‌కి మీరు వెయ్యిసార్లు పింగ్ చేసినా, చిరునామాలు మారవు కాబట్టి వెయ్యిసార్లూ ఒకే ఫైబర్ మీద వెళుతుంది. రెండోదాని గురించి అది ఏమీ చెప్పలేదు.

ఇక సరైన పద్ధతి. ఇది మార్పు చేశాక మొదలయ్యేది కాదు, చేయక ముందే మొదలవ్వాలి. రెండు స్విచ్‌లలోనూ ముందుగా కొన్ని కమాండ్లు కొట్టి, వచ్చిందంతా ఒక ఫైలులో తేదీ వేసి దాచుకోండి. షో ఈథర్‌ఛానల్ సమ్మరీ, షో ఎల్‌ఏసీపీ నైబర్, షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్ (ట్రంక్ అంటే చాలా వీలాన్లని మోసే లింకు), షో స్పానింగ్-ట్రీ (స్విచ్‌ల మధ్య లూపు పడకుండా అదనపు దారిని మూసే ఏర్పాటు), సభ్యపోర్టుల ఎర్రర్ కౌంటర్లు. మార్పు అయ్యాక అవే కమాండ్లు అదే వరసలో కొట్టి రెండు ఫైళ్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏది మారిందో, అది మారాల్సిందేనా అన్నదే ప్రశ్న. పాలకొల్లు, రాజోలు వైపు నేను చూసిన చోట్ల చాలావరకు ‘ముందు ఎలా ఉండేది?’ అని అడిగితే ఎవరి దగ్గరా కాగితం ఉండదు. అప్పుడు తప్పు కొత్తగా వచ్చిందో పాతదో కూడా తెలియక రాత్రంతా వెతుక్కోవాలి.

సమ్మరీలో పోర్ట్-ఛానల్ పక్కన పెద్ద ‘ఎస్’, ‘యూ’ కనిపిస్తాయి. లేయర్ 2లో (రౌటింగ్ లేకుండా మామూలు స్విచ్ పోర్టులా) ఉంది, వాడుకలో ఉంది అని అర్థం. అక్కడితో ఆగకండి. అదే వరసలో కుడివైపు సభ్యపోర్టులుంటాయి. ప్రతిదాని పక్కనా ‘పీ’ ఉండాలి. గుంపులో చేరింది అని చెప్పేది ఆ ఒక్క అక్షరమే. ‘డీ’ అంటే లింకే లేదు. చిన్న ‘ఎస్’ సంగతి మీకు తెలిసిందే. ‘ఐ’ అంటే గుంపులో చేరకుండా ఒంటరిగా నడుస్తోందని. కొన్ని మోడళ్లలో మీ పరిస్థితికి ‘ఎస్’ బదులు ‘ఐ’ వచ్చేది. అప్పుడు స్పానింగ్-ట్రీ ఆ ఒంటరి లింకుని మూసి పెట్టేది. ‘హెచ్’ అంటే హాట్ స్టాండ్‌బై. ఎల్‌ఏసీపీ గుంపులో ఒకేసారి ఎనిమిది పోర్టులే పనిచేస్తాయి, ఆపై ఉన్నవి ఎదురుచూస్తాయి. రెండు పోర్టుల మీ గుంపులో అది కనిపించకూడదు.

ఇదంతా అవతలి స్విచ్‌లో కూడా చూడాలి. ఆ రోజు బ్లాకు స్విచ్‌లో సమ్మరీ కొట్టి ఉంటే మొదటి ఫైబర్ ఉన్న పోర్టు (25 అనుకుందాం) పక్కన ‘పీ’, 26 ఖాళీగా ఉండి ఉంటే దాని పక్కన ‘డీ’ కనిపించేవి. 28 ఆ జాబితాలోనే ఉండేది కాదు. ఫైబర్ పెట్టిన పోర్టు జాబితాలో లేదంటే ఇంక వేరే ఆధారం అక్కర్లేదు.

తర్వాత ఎల్‌ఏసీపీ నైబర్. ఇక్కడ ఒక్కో పోర్టుకీ ఎదురుగా ఎవరున్నారో కనిపిస్తుంది. రెండు పోర్టులకీ ఎదుటి స్విచ్ గుర్తింపు ఒకటే ఉండాలి. వేరేగా ఉంటే ఒక ఫైబర్ పొరపాటున ఇంకో స్విచ్‌లోకి వెళ్లిందన్నమాట. ప్యాచ్ ప్యానెల్ దగ్గర లేబుళ్లు చెరిగిపోయిన చోట ఇది జరుగుతూనే ఉంటుంది. పోర్టు స్థితిని మామూలు అంకెల్లో (దశాంశ పద్ధతిలో) చూపించే పరికరాల్లో 61 గానీ 63 గానీ ఉంటే సర్దుబాటు పూర్తయి డేటా రెండు దిక్కులా నడుస్తోందని అర్థం. 61 నెమ్మది టైమర్‌తో, 63 వేగం టైమర్‌తో (ఈ టైమర్ల సంగతి కింద చెబుతాను). మీ కెమెరా రికార్డరు లైనక్స్ సర్వరైతే, దాని రెండు నెట్‌వర్క్ కార్డులనీ ఇలాగే కలిపి ఉంటే, అక్కడి బాండింగ్ స్టేటస్ ఫైలులో కూడా ఈ అంకెలే కనిపిస్తాయి. అందులో పార్ట్‌నర్ మ్యాక్ (ఎదుటి పరికరం హార్డ్‌వేర్ చిరునామా) అన్నచోట అన్నీ సున్నాలుంటే స్విచ్ వైపు ఎల్‌ఏసీపీ మాట్లాడటం లేదని గుర్తు.

ట్రంక్ కమాండు గురించి ఒక మాట, ఎందుకంటే మీరు వీలాన్ కూడా కలిపారు. దాని ఫలితం ముక్కలు ముక్కలుగా వస్తుంది. అనుమతించిన వీలాన్లు ఒకచోట, వాటిలో ఈ స్విచ్‌లో నిజంగా ఉన్నవి ఇంకోచోట, స్పానింగ్-ట్రీలో ఫార్వర్డింగ్‌లో (డేటా సాగనిచ్చే స్థితిలో) ఉన్నవి చివర్లో. చివరి ముక్కలో కెమెరాల వీలాన్ నంబరు ఉందా, రెండు వైపులా ఉందా అని చూడండి. వీలాన్ కలిపేటప్పుడు పోర్ట్-ఛానల్ మీదే రాయండి, విడి పోర్టు మీద రాయకండి. ఒక సభ్యపోర్టులో వీలాన్ జాబితా తక్కినదానితో తేడా వస్తే దాన్ని గుంపులోంచి తీసేస్తుంది. ‘అలౌడ్ వీలాన్’ తర్వాత ‘యాడ్’ అన్న మాట మర్చిపోతే కొత్తది చేరదు, పాతవన్నీ పోయి కొత్తదొక్కటే మిగులుతుంది. కోల్డ్ స్టోరేజీ వీలాన్ అలా పోతే ఎవరికి ఫోన్ వస్తుందో మీకు తెలుసు.

స్పానింగ్-ట్రీలో కనిపించాల్సింది పోర్ట్-ఛానల్ పేరు, విడి పోర్టుల పేర్లు కాదు. మ్యాక్ టేబుల్‌లో (ఏ చిరునామా ఏ పోర్టు వైపు ఉందో స్విచ్ రాసుకునే జాబితాలో) కూడా అంతే. బ్లాకులోని కంప్యూటర్ల చిరునామాలన్నీ పోర్ట్-ఛానల్ మీద నేర్చుకుని ఉండాలి.

ఇవన్నీ సరిపోతే కాగితం మీద బాగున్నట్టు. ఇంకా అసలు పరీక్ష మిగిలే ఉంది: ఫైబర్ పీకి చూడటం.

చాలామందికి ఇది ఇష్టం ఉండదు. నడుస్తున్నదాన్ని చేతులారా పీకడమెందుకు అంటారు. కొబ్బరి మట్ట మిమ్మల్ని అడిగి పడదు కదా. తెగడమంటూ ఉంటే అది మీ కళ్లముందు, మీరు ఎంచుకున్న వేళలో జరగనివ్వండి. రొయ్య తక్కువ దిగే రోజు చూసుకుని, షిఫ్టులు మారే మధ్యలో, కోల్డ్ స్టోరేజీ ఇన్‌ఛార్జి గారికి, కాటా దగ్గర కూర్చునేవారికి ముందే చెప్పి మొదలుపెట్టండి. బ్లాకులో ఒకరిని స్విచ్ దగ్గర ఫోన్ పట్టుకుని నిలబెట్టండి. అవతలి స్విచ్‌కి కన్సోల్ కేబుల్ పెట్టిన లాప్‌టాప్ ఉంటే మరీ మంచిది, దారి మూసుకుపోయినా లోపలికి వెళ్లగలరు.

పింగ్‌లు ఒకటి కాదు, కాటా కంప్యూటర్‌కి, రెండు మూడు కెమెరాలకి, టెంపరేచర్ రికార్డరుకి, గ్రేడింగ్ హాల్లో ప్రింటరుకి విడివిడిగా ఆగకుండా నడపండి. అటునుంచి ఇటు కూడా ఒకటి రెండు పెట్టండి. చిరునామాలు వేర్వేరు కాబట్టి కొన్ని మొదటి ఫైబర్ మీద, కొన్ని రెండోదాని మీద పడే అవకాశం ఉంటుంది. ఇప్పుడు మొదటి ఫైబర్ పీకండి. స్విచ్‌లోనే నేరుగా ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ గుచ్చే చిన్న మాడ్యూల్) ఉంటే వెలుతురు పోగానే స్విచ్‌కి తెలుస్తుంది. ఒకటో రెండో పింగ్‌లు పోయి తిరిగి నడవాలి. సమ్మరీలో దాని పక్కన ‘డీ’ వచ్చి, రెండోదాని పక్కన ‘పీ’ నిలవాలి. ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచి, బిల్లు ఒకటి కొట్టించి చూడండి. తర్వాత ఫైబర్ తిరిగి పెట్టండి. ఇక్కడ తొందర పనికిరాదు. పెట్టినది మళ్లీ ‘పీ’లోకి వచ్చిందని రెండు స్విచ్‌లలోనూ చూశాకే రెండోది పీకాలి. లేకపోతే చేరని ఫైబర్‌ని నమ్ముకుని చేరినదాన్ని పీకినట్టవుతుంది. మొదటిది పీకి బాగుందని రెండోది పీకకుండా వెళ్లిపోతే సగం పరీక్షే చేసినట్టు.

సేవ్ చేయడం ఈ పరీక్ష అయ్యాకే. మార్పు మొదలుపెట్టే ముందు అవతలి స్విచ్‌లో ‘రీలోడ్ ఇన్ 30’ అని కొడితే, మీకు దారి తెగిపోయినా ముప్పై నిమిషాల్లో అది తిరిగి లేచి పాత కాన్ఫిగరేషన్‌కి వస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టడం మర్చిపోకండి. ఆ తర్వాత సేవ్ చేయడం కూడా మర్చిపోకూడదు. మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. యూపీఎస్ బ్యాటరీ ముసలిదైతే ఏదో ఒక రాత్రి స్విచ్ ఆగి లేచి, సేవ్ చేయని మార్పులన్నీ పోయి పాతవి వస్తాయి. ఫైబర్లేమో కొత్త పోర్టుల్లో ఉంటాయి.

ఇక ‘ఆన్’ మోడ్. పెట్టొద్దు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

‘ఆన్’ అంటే ఎదుటివాడితో మాటామంతీ లేకుండా ఈ రెండు పోర్టులూ ఒకటేనని స్విచ్ తనంతట తాను నమ్మేయడం. ఎల్‌ఏసీపీ అయితే ప్రతి ఫైబర్ మీదా అవతలివాడిని పలకరించి, జవాబు వస్తేనే డేటా పంపుతుంది. మీ సంఘటనే తీసుకోండి. ‘ఆన్’ మోడ్ ఉండి ఉంటే మెయిన్ స్విచ్ రెండు ఫైబర్ల మీదా డేటా పంపేది. బ్లాకు స్విచ్‌కి మాత్రం 28 వేరే మామూలు పోర్టు. ఆ పోర్టు వేరే వీలాన్‌లో ఉంటే దాని మీద పడిన డేటా దారి తప్పేది, ఒకే వీలాన్ అయితే లూపు పడే ప్రమాదం. కొందరికి పనిచేస్తూ, కొందరికి చేయకుండా, ఎవరి మాట నమ్మాలో తెలియని గందరగోళం మొదటిరోజు నుంచే ఉండేది. ఎల్‌ఏసీపీ ఆ పోర్టుని పక్కన పెట్టి మీకు మేలే చేసింది. పక్కన పెట్టానని చెప్పింది కూడా, వినేవాళ్లు లేరు, అంతే.

మీ ప్లాంటులో ఎక్కడైనా మీడియా కన్వర్టర్లున్నాయా? మన వైపు చెరువుల దగ్గర గదులకి, గేటు దగ్గర కెమెరాలకి ఫైబర్‌ని కన్వర్టర్ పెట్టి మామూలు నెట్‌వర్క్ కేబుల్‌గా మార్చి స్విచ్‌కి ఇవ్వడం మామూలే. అక్కడ ‘ఆన్’ మోడ్ మరీ ప్రమాదం. మధ్యలో ఫైబర్ తెగినా, స్విచ్‌కీ కన్వర్టర్‌కీ మధ్య ఉన్న మూరెడు కేబుల్ బాగానే ఉంటుంది. పోర్టు లైటు పచ్చగానే ఉంటుంది. స్విచ్‌కి తెగిన సంగతే తెలియదు, సగం డేటా తెగిన ఫైబర్ మీదకి పోస్తూనే ఉంటుంది. ఎల్‌ఏసీపీకి తెలుస్తుంది, ఎందుకంటే జవాబులు ఆగిపోతాయి. నెమ్మది టైమర్‌లో ముప్పై సెకన్లకోసారి పలకరింపు, తొంభై సెకన్లు జవాబు లేకపోతే ఆ పోర్టుని తీసేస్తుంది. వేగం టైమర్‌లో సెకనుకోసారి, మూడు సెకన్లకి తీసేస్తుంది. కన్వర్టర్లున్న దారిలో రెండు స్విచ్‌లూ ఒప్పుకుంటే వేగం టైమరు పెట్టుకోండి. కన్వర్టర్‌లో లింక్ ఫాల్ట్ పాస్-త్రూ అనే సదుపాయం ఉంటే దాన్నీ ఆన్ చేయండి. ఒకవైపు తెగితే రెండోవైపు లింకుని కూడా అదే దించేస్తుంది. కన్వర్టర్లున్నచోట పీకే పరీక్ష స్విచ్ దగ్గర చేస్తే ఏమీ తేలదు. కన్వర్టర్‌లోంచి ఫైబర్ పీకాలి.

అమ్మినాయన ‘వేరే కంపెనీ స్విచ్ పెడితే ఎల్‌ఏసీపీ కుదరదు’ అని కూడా అనొచ్చు. ఎల్‌ఏసీపీ ఏ ఒక్క కంపెనీదీ కాదు. 2000లో ఐఈఈఈ 802.3ఏడీ పేరుతో వచ్చిన ప్రమాణం, 2008 నుంచి 802.1ఏఎక్స్ కింద ఉంది. సిస్కో సొంతది పీఏజీపీ, దానికి మోడ్‌ల పేర్లు వేరు. మీరు రెండు వైపులా ‘యాక్టివ్’ అని పెట్టండి. ఒకవైపు యాక్టివ్, ఒకవైపు పాసివ్ అయినా కలుస్తాయి. రెండు వైపులా పాసివ్ అయితే ఎవరూ ముందు పలకరించరు, కలవవు. ఒకవైపు ‘ఆన్’, ఒకవైపు ‘యాక్టివ్’ పెట్టినా కలవవు.

స్పీడ్ టెస్టు ఒక గిగాబిట్ దాటకపోవడం లోపం కాదు. రెండు ఫైబర్లూ చక్కగా ఉన్నా దాటదు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి నడిచే ఒక సంభాషణ మొత్తం ఒకే ఫైబర్ మీద వెళుతుందని పైన చెప్పాను. ప్యాకెట్లు వెనకాముందూ అవకుండా అలా చేస్తారు. రెండు గిగాబిట్లు అన్నది చాలామంది ఒకేసారి వాడినప్పుడు వచ్చే మొత్తం. మీ కంప్యూటర్‌కి ఉన్న నెట్‌వర్క్ కార్డు ఎలాగూ ఒక గిగాబిట్‌దే అయ్యుంటుంది.

కానీ చూడాల్సింది ఒకటుంది. షో ఈథర్‌ఛానల్ లోడ్-బ్యాలెన్స్ కొట్టండి. చాలా చిన్న సిస్కో స్విచ్‌లలో మొదట్నుంచీ పంపేవారి మ్యాక్ చిరునామా మీదే లెక్క ఉంటుంది. మీ మెయిన్ స్విచ్ వీలాన్ల మధ్య రౌటింగ్ కూడా చేస్తుంటే, వేరే వీలాన్ల నుంచి బ్లాకుకి వెళ్లే ప్రతి ప్యాకెట్ మీదా పంపేవారి మ్యాక్ ఆ స్విచ్‌దే. చిరునామా ఒక్కటే కాబట్టి లెక్క ఒక్కటే, ఆ బరువంతా ఒకే ఫైబర్ మీద పడుతుంది, రెండోది ఖాళీగా కూర్చుంటుంది. లెక్కని రెండు వైపుల ఐపీ చిరునామాల మీదికి మార్చండి. కెమెరాలు ఎన్నో, రికార్డరు ఒకటే కాబట్టి మీకు ఇదే సరిపోతుంది. ఇటునుంచి వెళ్లేదాన్ని ఈ స్విచ్, అటునుంచి వచ్చేదాన్ని ఆ స్విచ్ విడిగా నిర్ణయించుకుంటాయి, అందుకని రెండుచోట్లా మార్చాలి. స్విచ్ మొత్తానికి వర్తించే మార్పు ఇది, పగలు పని జోరుగా ఉన్నప్పుడు చేయకండి. చేశాక పది నిమిషాల తేడాతో రెండు ఫైబర్ల కౌంటర్లు చూసి తీసివేత చేస్తే ఎంతెంత వెళ్లిందో తెలుస్తుంది. సరిగ్గా సగం సగం రాదు, రావాలని చూడొద్దు. ఒకటి అసలు కదలకపోతేనే ఆలోచించాలి.

నన్ను ఎక్కువ బాధించింది మూడు వారాలు ఎవరికీ తెలియకపోవడం. స్విచ్ ఆ రోజే తన లాగ్‌లో రాసింది, ఎదుటి పోర్టులో ఎల్‌ఏసీపీ లేదు కాబట్టి సస్పెండ్ చేస్తున్నానని. ఆ లాగ్ స్విచ్ మెమరీలోనే ఉంటే కరెంటు పోగానే చెరిగిపోతుంది. ఆఫీసులో ఏదో ఒక పాత కంప్యూటర్‌ని సిస్‌లాగ్ సర్వర్‌గా (లాగ్‌లు అందుకుని దాచేదిగా) పెట్టి రెండు స్విచ్‌ల లాగ్‌లూ దానికి పంపించండి. టైము కూడా ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా గడియారం సరిచేసే పద్ధతి) సరిచేయండి. లేకపోతే చాలా సిస్కో స్విచ్‌లు లేచిన ప్రతిసారీ 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి, ఏది ఎప్పుడు జరిగిందో తేలదు. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే అందులో పోర్ట్-ఛానల్‌ని మాత్రమే కాదు, సభ్యపోర్టులు రెండింటినీ విడివిడిగా పెట్టండి. పోర్ట్-ఛానల్ బ్యాండ్‌విడ్త్ 20,00,000 కిలోబిట్ల నుంచి 10,00,000కి తగ్గిందంటే ఒక ఫైబర్ పోయిందని అర్థం. దానికి అలారం పెట్టుకోవచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ లేకపోతే రోజూ పొద్దున్నే సమ్మరీ ఒక్కటి కొట్టండి, నిమిషం పట్టదు.

ఇప్పుడు మీరు వెంటనే చేయాల్సింది. తెగిన ఫైబర్ అతికించేశారనుకుంటున్నాను. బ్లాకు స్విచ్‌లో 28ని ముందు షట్‌డౌన్ చేయండి. దాని సెట్టింగులు, ట్రంక్, అనుమతించిన వీలాన్లు, నేటివ్ వీలాన్ (ట్రంక్‌లో ట్యాగ్ లేకుండా వెళ్లేది) అన్నీ 25తో సరిపోల్చండి. ఛానల్-గ్రూప్ యాక్టివ్ మోడ్‌లో రాసి, అప్పుడు నో షట్‌డౌన్. 26ని కూడా షట్‌డౌన్ చేశాకే ఛానల్-గ్రూప్ తీసేయండి. కెమెరాల స్విచ్ ఫైబర్ దానిలోకే వచ్చి ఉంటే మటుకు ముందు ఆలోచించుకోవాలి, అక్కడ పాత ఛానల్-గ్రూప్ లైను ఇంకా ఉండిపోయిందేమో చూడండి. ఉంటే ముందు దాన్ని సరిచేయండి. మార్చిన ఎస్‌ఎఫ్‌పీలని ఫైబర్ తుడిచే పెన్నుతో ఒకసారి శుభ్రం చేయించండి. ప్రాసెసింగ్ బ్లాకులో ఎప్పుడూ తడి, ఉప్పు గాలి. ఎస్‌ఎఫ్‌పీ చూపించేదైతే షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్సీవర్‌లో అందుతున్న వెలుతురు చూసి రాసుకోండి. సిస్కో ఎల్‌ఎక్స్ రకం గిగాబిట్ ఎస్‌ఎఫ్‌పీకి అది మైనస్ 3 నుంచి మైనస్ 19 డీబీఎమ్ (వెలుతురు బలాన్ని కొలిచే లెక్క) మధ్య ఉండాలి. మైనస్ 19కి దగ్గరపడుతుంటే ఇవాళ నడిచినా రేపు నమ్మకం లేదు.

మేనేజరు గారి ప్రశ్న న్యాయమైనదే, జవాబు కూడా నేరుగా చెప్పండి. రెండు ఫైబర్లు వేసింది ఒకటి తెగినా పని ఆగకుండా ఉండటానికే. మార్పు తర్వాత రెండోదాన్ని పరీక్షించకపోవడంతో ఆ రోజు అది అక్కరకు రాలేదు. ఇకమీదట ప్రతి మార్పు తర్వాతా, తుపాన్లు మొదలయ్యే అక్టోబరుకి ముందు ఒకసారీ పీకి చూసే పరీక్ష ఉంటుందని, దానికి అరగంట సమయం ఇవ్వాలని అడగండి. ఇంకొకటి కూడా అడగండి. ఉత్తరంలో మీరు రాయలేదు గానీ, రెండు ఫైబర్లూ అవే స్తంభాల మీద, అవే కొబ్బరిచెట్ల కింద వెళుతున్నాయేమో చూడండి. అలా ఉంటే ఒక్క మట్ట చాలు, ఎల్‌ఏసీపీ ఎంత బాగా పెట్టినా రెండూ కలిసే తెగుతాయి. రెండోదాన్ని ప్రహరీ గోడ వెంట భూమిలో పైపు వేసి బ్లాకుకి ఇంకో వైపు నుంచి తీసుకురావడానికి ఎంతవుతుందో అంచనా వేయించి, ఆ కాగితం మేనేజరు గారి చేతికివ్వండి.